కుర్చీ రీడింగులు

మా గల్లీలో జబ్బు పడటం కన్నా పెద్ద ప్రమాదం, జబ్బు పడ్డ సంగతి నలుగురికీ తెలియడం. తెలిసిందా, ఇక రోగికి ఊపిరాడదు. ఉప్పల్‌లో మేము అద్దెకున్న ఇంటి చుట్టూ డిగ్రీ లేని డాక్టర్లు కనీసం అరడజనుమంది ఉండేవాళ్లు. వాళ్లందరికీ పెద్ద మా ఇంటి ఓనరు. రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యి, పైఅంతస్తు బాల్కనీలో కుర్చీ వేసుకుని, కింద జరిగేదంతా పర్యవేక్షించేవాడు. రైలు పెట్టెలకు ఆయన ఏం మరమ్మతులు చేశాడో నాకు తెలియదు. మనుషులకు చేయాల్సిన మరమ్మతులు మాత్రం అన్నీ తనకు తెలుసని ఆయన నమ్మకం.

మా కుక్కకు మొదటిసారి ఫిట్స్ వచ్చిన ఆదివారం పొద్దున ఆ డాక్టర్లంతా డ్యూటీలోనే ఉన్నారు.

అది తెల్లటి పామరేనియన్ కుక్క. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో రెండిళ్లకొకటి ఉండేది. చలిదేశపు బొచ్చుతో పుట్టి, మన ఎండల్లో నాలుక వేలాడేసుకుని, బండల మీద పొట్ట ఆనించి బతికేవి పాపం. మాది మా ఆవిడ కుట్టుమిషను కింద, పెడలు పక్కన పడుకునేది. ఆవిడ జాకెట్లు కుట్టేది. నేను నాచారంలో ఒక రంగుల కంపెనీలో బాయిలరు ఆపరేటర్ని. మూడు షిఫ్టుల బతుకు. అయితే డ్యూటీలో ఉండేవాణ్ని, లేకపోతే నిద్రలో ఉండేవాణ్ని. ఇంట్లో ఆవిడ మాట వినే ప్రాణి ఆ కుక్క ఒక్కటే. నేను వింటానని ఆవిడ కూడా ఎప్పుడూ అనుకోలేదు.

ఆ ఆదివారం అది నల్లా దగ్గర నిలబడి నిలబడి పక్కకు ఒరిగిపోయింది. నాలుగు కాళ్లూ నీళ్లలో ఈదుతున్నట్టు కొట్టుకుంటున్నాయి. దవడలు టకటకమంటున్నాయి, నోట్లోంచి నురుగు, కింద మూత్రం. మా ఆవిడ అరుపుకి గల్లీ గల్లీ వచ్చి గేటు లోపల నిలబడింది.

"తాళంచెవుల గుత్తి వట్టుకురాన్రి!" బాల్కనీలోంచి ఓనరు ఆర్డరు. "ఇనుము తగులాలె. తగిల్తె ఆగుతది."

ఎవరో గుత్తి తెచ్చి కుక్క ముందుకాలికి అదిమారు. కుక్క తాళంచెవులు పట్టుకోదనే చిన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఎదురింటామె తన కాలి చెప్పు తీసి దాని ముక్కు దగ్గర పెట్టింది. ఇంకొకాయన ఉల్లిగడ్డ కోసి తెస్తానని ఇంట్లోకి పరుగెత్తాడు. వెనక నిలబడ్డవాళ్లలో ఒకరు, "పిచ్చి లేసింది, మున్సిపాలిటోళ్లను పిలువున్రి" అన్నారు. అది మాత్రం అందరికీ నచ్చింది. పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు, తాము మాత్రం ఒక్క అడుగూ వెనక్కి వేయలేదు. తమాషా చూడాలి కదా.

వాళ్లందర్నీ చూసి నాకు మహా అసహ్యం వేసింది. మూర్ఖులు అనుకున్నాను. నేను ఐటీఐ చదివినవాణ్ని. కంపెనీలో ప్రథమ చికిత్స మీద సగంపూట శిక్షణ కూడా తీసుకున్నాను. ఆ పూట సమోసా తిన్నంత శ్రద్ధగా పాఠం విని ఉంటే బాగుండేది. ఫిట్స్ వస్తే నాలుక మింగేస్తారని ఎక్కడో విన్నది ఒక్కటే బుర్రలో మిగిలింది. అందుకని మూర్ఖులందర్నీ పక్కకు నెట్టి, శాస్త్రీయంగా, కుక్క నోట్లో రెండు వేళ్లు పెట్టాను.

దవడలు బిగుసుకున్నాయి. కుక్క కాటుకు చెప్పుదెబ్బ అంటారు. ఆ పొద్దున చెప్పేమో కుక్క ముక్కు దగ్గర ఉంది, కాటు నా చేతికి ఉంది. వేళ్లు బయటికి వచ్చేసరికి ఫిట్స్ దానంతటదే ఆగిపోయింది. "తాళంచెవులు పనిజేసినయి" అన్నాడు ఓనరు పైనుంచి. చెప్పు పని చేసిందని ఎదురింటామె. ఉల్లిగడ్డాయన ఆలస్యంగా వచ్చి చాలా బాధపడ్డాడు.

లేచాక కుక్క ఎవర్నీ గుర్తుపట్టలేదు. గోడకు తల కొట్టుకుంటూ, కళ్లు తెరిచి ఉన్నా ఏమీ కనపడనట్టు తిరిగింది. మా ఆవిడ పిలిస్తే గుర్రుమంది. ఇక పిచ్చి ఖాయమైపోయింది. ఆ మధ్యాహ్నం ఓనరు మెట్లు దిగి వచ్చాడు. ఆయన మెట్లు దిగాడంటే విషయం గంభీరమన్నమాట.

"తమ్మీ, గిది పిచ్చే. నిన్ను గరిసింది గూడ. కిరాయిదార్లు ఇంక నలుగురున్నరు, పిల్లలున్నరు. వారం టైమిస్తున్న. కుక్కనన్న తీసెయ్యి, ఇల్లన్న ఖాళీ జెయ్యి."

మా ఆవిడ తలుపు వెనకనుంచి విని, మిషను దగ్గర కూర్చుని, కుట్టకుండా పెడలు ఒక్కటే తొక్కింది. నేను మర్నాడు ప్రభుత్వ దవాఖానాలో సూదుల వరసలో నిలబడ్డాను.

లాలాపేట్‌లో ఒక చిన్న క్లినిక్ ఉందని, పశువుల డాక్టరమ్మ కింద క్లినిక్ పెట్టి పైన కాపురముంటుందని మా ఆవిడే కనుక్కుంది. ఆమె కాకినాడ వైపు మనిషి. మాట మెత్తన, చూపు గట్టి. కుక్కను బల్ల మీద నిలబెట్టి కళ్లలోకి లైటు వేసి చూసి, పిచ్చికుక్క టీకా చీటీ అడిగి, మా ఆవిడ సంచిలోంచి తీసి ఇస్తే చదివి, తలూపింది.

"ఇది పిచ్చి కాదమ్మా. మూర్ఛ. మనుషులకు వచ్చినట్టే వీటికీ వస్తుంది. అది మీ ఆయన్ని కావాలని కరవలేదు. దవడ దాని వశంలో లేదు, ఆయన అందులో చెయ్యి పెట్టారు." నా వైపు తిరిగింది. "ఫిట్స్ ఎంతసేపు వచ్చింది?"

"ఒక పావుగంట మేడం" అన్నాను.

"పావుగంట వస్తే ఇది ఇలా నిలబడి తోక ఊపదు. గడియారం చూశారా?"

చూడలేదు. తాళాలు, చెప్పులు, వేళ్లు ఇన్ని చూసినవాళ్లం, అంతమందిలో గడియారం చూసినవాడు ఒక్కడూ లేడు.

ఆమె చెప్పిన మాటలు నాకిప్పటికీ వరసగా గుర్తున్నాయి. ఫిట్స్ మొదలవగానే ముందు టైం చూడండి. మెట్లు, గోడ మూలలు, మిషను తగలకుండా చుట్టూ ఖాళీ చేయండి, తల కింద మెత్తని గుడ్డ పెట్టండి. నోట్లో చెయ్యి, చెంచా, నీళ్లు ఏవీ పెట్టొద్దు. కుక్క నాలుక మింగదు. గట్టిగా పట్టుకోవద్దు. టీవీ, లైటు ఆపేసి జనాన్ని బయటికి పంపండి. ఆగాక కాసేపు అది మిమ్మల్ని గుర్తుపట్టదు, మీద పడి ముద్దు చేయొద్దు, దానంతట దాన్ని తేరుకోనివ్వండి. అయిదు నిమిషాలు దాటినా, ఒకరోజులో రెండోసారి వచ్చినా ఏదీ ఆలోచించకుండా తీసుకురండి. ఇక ఫినోబార్బిటోన్ గోలీ పొద్దున సగం, సాయంత్రం సగం, పన్నెండు గంటల తేడాతో. ఒక్క పూట కూడా తప్పకూడదు; ఉన్నట్టుండి మానేస్తే మొదటికన్నా ఘోరంగా తిరగబడుతుంది. ప్రతి ఫిట్స్‌నీ ఒక పుస్తకంలో రాయండి: ఎప్పుడు, ఎంతసేపు, ముందు ఎలా ఉంది, తరవాత ఎలా ఉంది. ఆ పుస్తకాన్ని చూసే నేను మందు పెంచాలో వద్దో చెప్పేది.

ఓనరుకు చూపించడానికి పిచ్చి కాదని కాగితం మీద రాసి ముద్ర కూడా వేసి ఇచ్చింది. రిటైరైన రైల్వే ఉద్యోగికి మనిషి మాట మీద ఉండని నమ్మకం ముద్ర మీద ఉంటుంది. ఆయన రెండుసార్లు చదివి, "సరే, గని గేటు పెట్టుకోన్రి" అన్నాడు. అలా కుక్క ఇంట్లో మిగిలింది. ఇక దాని ప్రాణం సగం గోలీ మీద, ఒక పుస్తకం మీద నిలబడింది.

పుస్తకం అనగానే నాకు ఛాతీ ఉబ్బింది. ఇరవై ఏళ్లుగా నేను చేస్తున్న పని అదే కదా! బాయిలరు దగ్గర గంటగంటకూ ఆవిరి ఒత్తిడి, నీటి మట్టం, పొగగొట్టం వేడి చూసి లాగ్‌షీటులో రాయాలి. షిఫ్టు మారినప్పుడు వచ్చేవాడు ఆ కాగితం చూసి పని అందుకుంటాడు. మా దగ్గర ఒక మాట ఉండేది: కాగితం మీద ఉంటే అయినట్టే, లేకపోతే కానట్టే. నేను ఒక పొడుగు నోటుబుక్కు కొని, స్కేలు పెట్టి గీతలు కొట్టి, అచ్చం ప్లాంటులో లాగే రోజుకొక పేజీ చేశాను. పైన తేదీ, కింద పొద్దున గోలీ, సాయంత్రం గోలీ, ఆ కింద ఫిట్స్ వస్తే వచ్చిన టైం, ఎంతసేపు, ముందు లక్షణం, తరవాత లక్షణం. మా ఆవిడకు పాఠం చెప్పాను.

"నేను ఇస్తే నేను టిక్కు పెడతా, నువ్విస్తే నువ్వు పెట్టు. టిక్కుంటే ఇచ్చినట్టు. మళ్ళ ఇయ్యకు, రెండుసార్లు పడితె మత్తెక్కి పడిపోతది. టిక్కు లేకుంటే ఇయ్యి. సమజైందా?"

"సమజైంది" అంది. ఆవిడ ఒక మాట సమజైందంటే అయినట్టే. ఎనిమిది మంది ఆడవాళ్ల జాకెట్ల కొలతలు కాగితం లేకుండా గుర్తుపెట్టుకునే మనిషి.

ఇక్కడ మా వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. ఎనిమిది గంటల షిఫ్టులో ఎనిమిదిసార్లు లేచి, మూడు మీటర్ల దగ్గరికి నడిచి, కళ్లు చిట్లించి చూసి రాసే వెర్రివాడు మా ప్లాంటులో ఎవడూ లేడు. షిఫ్టు చివర టీ తాగుతూ కుర్చీలోంచే ఎనిమిది వరసలూ నింపేవాళ్లం. ఒత్తిడి తొమ్మిదిన్నర, తొమ్మిదిన్నర, మధ్యలో ఒక తొమ్మిది, మళ్లీ తొమ్మిదిన్నర. అన్నీ ఒకేలా ఉంటే ఇన్‌స్పెక్టరుకు అనుమానం వస్తుందని ఆ ఒక్క తొమ్మిది. కొందరైతే అప్పుడప్పుడు పెన్ను కూడా మార్చేవాళ్లు. వీటికి కుర్చీ రీడింగులని పేరు. తీరికున్న షిఫ్టులో రేపటి కాగితం కూడా సగం నింపి పెట్టుకునేవాళ్లం. కొత్తగా చేరినవాళ్లకు ఈ విద్య నేర్పింది నేనే. బాయిలరు ఎలాగూ బాగానే నడుస్తోంది, చూస్తే మాత్రం కొత్తగా ఏం కనపడుతుందని మా తత్వం. ఇరవై ఏళ్లలో ఏమీ పేలలేదు కాబట్టి మా తత్వం నిజమనే అనుకున్నాం.

మొదటి నెల నేను నిజాయితీగానే రాశాను. ఒకసారి నేను ఇంట్లో ఉండగా ఫిట్స్ వస్తే గడియారం చూశాను కూడా. రెండు నిమిషాల మీద కొంచెం. రెండు అని రాశాను. తరవాత వచ్చినవన్నీ నేను డ్యూటీలోనో నిద్రలోనో ఉన్నప్పుడే వచ్చాయి. మా ఆవిడ చెప్పేది.

"ఇయ్యాల మళ్ళొచ్చింది. మస్తు సేపు కొట్టుకుంది."

"మస్తంటే ఎంత?"

"ఒక జాకెట్ చెయ్యి కుట్టేంత సేపు."

నేను పగలబడి నవ్వాను. "కాలంల జాకెట్ చెయ్యి అని రాయాల్నా? మేడం చదివి నీకు జాకెట్ ఆర్డరిస్తది."

నవ్వేసి, 'రెండు నిమిషాలు' అని రాశాను. కిందటిసారి రెండే కదా. ఆ తరవాతిది కూడా రెండు. పేజీలు తిప్పుతుంటే రెండు, రెండు, రెండున్నర, రెండు. ఆ రెండున్నర ఎందుకు రాశానో నా తోటి ఆపరేటర్లకు చెప్పక్కర్లేదు.

ఆవిడ ఇంకా చాలా చెప్పేది. ఫిట్స్ వచ్చే రోజు అది పొద్దుటినుంచే కాళ్లు వదలదట. పెడలు తొక్కుతుంటే పాదాల కింద తల దూరుస్తుందట. పెదాలు ఊరికే నాకుతుందట. ఒక్కోసారి కూర్చున్నది కూర్చున్నట్టే పైకి చూస్తూ గాలిలో ఈగల్ని పట్టినట్టు నోరు ఆడిస్తుందట.

"ఈగలుంటే పట్టదా మరి?" అన్నాను.

"ఈగల్లేవు. అదే జెప్తున్న. గది గూడ ఫిట్సేనేమో, చిన్నది. మేడంకు జెప్పు."

"కుక్క ఆవలిస్తే గూడ ఫిట్సేనా? నీకు భ్రమ" అన్నాను. 'ముందు లక్షణం' అన్న చోట చిన్న అడ్డగీత గీశాను. పుస్తకం నిండా ఆ అడ్డగీతలే. ఎంత నీటుగా ఉన్నాయో! గురివింద గింజ సామెత ఊరికే పుట్టలేదు. తాళంచెవుల ఓనర్ని తలచుకుని నెలల తరబడి నవ్వుకున్నవాణ్ని, నా కింద నలుపు నాకు కనపడలేదు.

మూడు నెలలకొకసారి డాక్టరమ్మ పుస్తకం చూసేది. "అన్నీ రెండు, రెండున్నర నిమిషాల్లోపే ఉన్నాయి, మంచిది. మందు ఇదే కొనసాగిద్దాం" అనేది. మా ఆవిడ ఒకసారి, "రెండు గాదు మేడం, ఎక్కువనే..." అనబోయింది.

"నువ్వు గడియారం సూసినవా?" అన్నాను పక్కనుంచి.

చూడలేదు. ఫిట్స్ వస్తే ఆవిడ చేతులు మిషను జరపడంలో, కుక్క తల కింద గుడ్డ సర్దడంలో ఉండేవి. గోడ గడియారం ముందుగదిలో ఉండేది. డాక్టరమ్మ ఇద్దర్నీ ఒకసారి చూసి, పుస్తకం వైపే మొగ్గింది. గీతలు కొట్టి ఉన్న పుస్తకానికీ మాట తడబడుతున్న మనిషికీ పోటీ పెడితే ఎవరైనా పుస్తకాన్నే నమ్ముతారు. పుస్తకానికి ఆ గౌరవం ఉంటుందని తెలిసినవాడు కనుకనే నాలాంటివాడు దాన్ని వాడుకుంటాడు.

ప్రత్యేక రాష్ట్రం కోసం బందులు జోరుగా నడుస్తున్న రోజులు. నాకు ఆ వారం పొద్దుటి షిఫ్టు. అయిదున్నరకు గోలీ ఇచ్చి బండి తీయడం నా వంతు, సాయంత్రం అయిదున్నరకు ఇవ్వడం ఆవిడ వంతు. ఆదివారం టీవీలో క్రికెట్ చూస్తూ, చేతిలో పెన్ను ఉంది కదా అని, సోమవారం నుంచి శనివారం దాకా ఆరు పేజీలు తీసి తేదీలు వేశాను. వేసిన చెయ్యి ఊరుకోక 'పొద్దున గోలీ' దగ్గర ఆరు టిక్కులు కూడా పెట్టేసింది. ఎలాగూ ఇచ్చేవాణ్ని నేనే కదా! రోజూ చీకట్లో పెన్ను ఎవడు వెతుక్కుంటాడు? అందులో తప్పుందని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. చాలా తెలివైన పని చేశాననే అనుకున్నాను.

సోమవారం ఇచ్చాను. మంగళవారం నిద్ర లేచేసరికి ఆలస్యమైంది. ఆవిడ చూసుకుని ఇస్తుందిలే అనుకుని బండెక్కాను. బుధవారం, ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర రోడ్డు మూస్తారన్నారని ఇంకా ముందే వెళ్లిపోయాను. గురువారం బందు; నాలుగున్నరకే నాచారం చేరాలని ఫోరుమన్ ఫోను. మూడు పొద్దులు, మూడుసార్లూ అదే మాట అనుకున్నాను: ఆవిడ చూసుకుంటుందిలే. ఆదివారం పెట్టిన టిక్కులు ఒక్కసారీ గుర్తుకు రాలేదు. ఆవిడ చూసుకుంది కూడా. రోజూ లేవగానే పుస్తకం తీసి, ఆ రోజు పేజీ చూసి, నా టిక్కు చూసి, గోలీల డబ్బా మూత పెట్టేసింది. ముందు పేజీలు తిప్పి చూడాల్సిన అవసరం ఆవిడకేముంది? నేను నేర్పిన నియమం అదే కదా.

గురువారం రెండింటికి ఇంటికి వచ్చి తిని పడుకున్నాను. మా ఆవిడ వచ్చి లేపింది.

"లేవు. అది పొద్దటిసంది నా కాళ్లు ఇడుస్తలేదు. ఈగలు వట్టుడు గూడ షురూ జేసింది. ఇయ్యాల వస్తది."

"వస్తే రానియ్యి. రెండు నిమిషాలల్ల పోతది" అన్నాను, కళ్లు తెరవకుండా.

నాలుగూ నలభైకి వచ్చింది. మిషను పక్కనే ఒరిగింది. ఆవిడ అప్పటికే మిషను జరిపి, గుడ్డపీలికల మూట పరిచి, కిటికీ మూసి ఉంచింది. నేను చేయాల్సింది ఏమీ మిగల్లేదు, గడియారం చూడటం తప్ప. ముందుగదిలోంచి గడియారం దించి తెచ్చి పట్టుకుని కూర్చున్నాను.

ఒక నిమిషం ఎంత పొడుగ్గా ఉంటుందో నాకు అంతకుముందు తెలియదు. సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరగడానికి ఆ చిన్న ఒళ్లు ఎన్నిసార్లు నేలకు కొట్టుకుందో లెక్క లేదు. రెండో నిమిషం అయింది. నా పుస్తకంలో అన్నిసార్లు నేను రాసిన అంకె అక్కడికి వచ్చింది, దాటింది. కుక్క ఆగలేదు. మూడు. నాలుగు. మా ఆవిడ నా మొహంలోకి చూస్తోంది. ఆవిడ చెప్పిన జాకెట్ చెయ్యి పూర్తయ్యేది సరిగ్గా ఇక్కడికేనని నాకు అప్పుడు అర్థమైంది. అయిదు దాటింది. గడియారం కింద పెట్టి దుప్పటి లాగాను.

దుప్పట్లో చుట్టి, తల బయటికి ఉంచి, ఆవిడ బండి వెనక కూర్చుంది. పుస్తకం, గోలీల డబ్బా తన జాకెట్ల సంచిలో వేసుకుంది. గేటు దగ్గర ఓనరు నిలబడి ఉన్నాడు. ఏదో సలహా ఇస్తాడని ఒళ్లు మండింది. ఆయన ఒక్క మాట మాట్లాడకుండా రెండు తలుపులూ బార్లా తెరిచాడు. తార్నాక దాకా దుకాణాలన్నీ మూసే ఉన్నాయి. లాలాపేట్ దగ్గర టైరు కాలుతోంది, కుర్రాళ్లు అడ్డంగా నిలబడ్డారు.

"తమ్మీ, కుక్కకు ఫిట్సొచ్చినయి, ఆగుతలెవ్వు" అన్నాను.

అందులో ఒకడు దుప్పట్లోకి చూసి మొహం తిప్పుకుని, "పోనియ్యున్రా, అన్నను పోనియ్యున్రి" అని టైరును కర్రతో పక్కకు లాగాడు.

క్లినిక్ షట్టరు సగం దించి ఉంది. పిలిస్తే డాక్టరమ్మ పైనుంచి చెప్పులు కూడా లేకుండా దిగి వచ్చింది. సూది వేసింది. ఆగినట్టే ఆగి మళ్లీ మొదలైంది. మళ్లీ సూది, సెలైను. ఒళ్లు కాలిపోతోందని పొట్టకూ పాదాలకూ తడిగుడ్డలు వేయించింది. ఆ పనంతా మా ఆవిడే చేసింది. కొంచెం తెరిపి ఇచ్చినప్పుడు డాక్టరమ్మ అడిగింది.

"ఇంత బాగా కంట్రోల్లో ఉన్నది ఇలా ఎందుకు తిరగబడింది? గోలీలు తప్పాయా?"

"లేదు మేడం. బుక్కుంది" అన్నాను. నిజంగా అలాగే అన్నాను, కొంచెం గర్వంగా.

మా ఆవిడ సంచిలోంచి తీసి ఇచ్చింది. డాక్టరమ్మ గురువారం పేజీ చూసింది. పొద్దున టిక్కు. వెనక్కి తిప్పింది. బుధవారం టిక్కు, మంగళవారం టిక్కు. మూసేయబోయి, వేలు జారి ఒక పేజీ ముందుకు పడింది. ఆగి, తేదీ చూసి, గోడ మీద క్యాలెండరు చూసి, నన్ను చూసింది.

"రేపటి గోలీ కూడా ఇచ్చేశారా?"

మా ఆవిడ తడిచేతులు చీరకు తుడుచుకుని పుస్తకం అందుకుంది. శుక్రవారం. టిక్కు. శనివారం. టిక్కు. అక్కడ ఆగి, మళ్లీ వెనక్కి తిప్పుకుంటూ వచ్చింది, ఒక్కొక్క పేజీ, చాలా నెమ్మదిగా.

"ఇయ్యాల పొద్దున ఇచ్చినవా?" అంది నాతో.

"లేదు."

"నిన్న?"

"లేదు."

"మొన్న?"

"మొన్న గూడ లేదు."

"నేను గీ టిక్కు సూసే ఇయ్యలే మేడం" అంది ఆవిడ డాక్టరమ్మ వైపు తిరిగి. "రెండుసార్లు పడితె మత్తెక్కుతదన్నడు. టిక్కు సూసి డబ్బా మూసేసిన. మూడు రోజులు నేనే మూసేసిన."

డాక్టరమ్మ పాత పేజీలు చూపించింది. "మరి ఈ రెండు నిమిషాలు?"

"గవి రెండు గావు మేడం. నాలుగు, అయిదు. ఎప్పుడు గంతే. నేను జెప్పిన."

డాక్టరమ్మ పుస్తకాన్ని బల్ల చివర, మందుల ఖాళీ డబ్బాల పక్కన పెట్టి, మళ్లీ కుక్క వైపు తిరిగింది. తాళంచెవుల వల్ల మా కుక్కకు ఏ అపకారమూ జరగలేదు. చెప్పు వాసన వల్ల కూడా జరగలేదు. ఆ గల్లీ మూర్ఖులంతా కలిసి చేయలేని పనిని ఒక చదువుకున్నవాడు పెన్నుతో, ఆదివారం మధ్యాహ్నం, క్రికెట్ చూస్తూ చేశాడు. వాడి మీద ఉన్నంత అసహ్యం నాకు ఈ లోకంలో మరెవరి మీదా లేదు.

మూడోసారి వచ్చింది సూదికి ఆగలేదు. దానంతటది ఆగిపోయినప్పుడు మాకు మొదట తగ్గిందనిపించింది. డాక్టరమ్మ చెవుల్లో గొట్టాలు పెట్టుకుని చాలాసేపు విని, తీసేసి, సూది గొట్టం విప్పింది. మా ఆవిడ ఏడవలేదు. దుప్పటి నాలుగు మూలలూ సర్ది, తడిసిన బొచ్చును గుడ్డతో అద్ది ఆరబెట్టడం మొదలుపెట్టింది, అది ఇంకా చలికి వణుకుతున్నట్టు.

డాక్టరమ్మ రిజిస్టరు తెరిచి తేదీ వేసింది. ఆమె చేతి గడియారం ఎప్పుడో తీసి సింకు దగ్గర పెట్టింది.

"టైం ఎంతయిందండీ?" అంది తల వంచుకునే.

"ఆరున్నర" అన్నాను.

మా ఆవిడ చెయ్యి ఆగింది. తలెత్తలేదు.

"నీ ఎనక గోడకు గడియారముంది. తిరిగి సూసి జెప్పు" అంది.

తిరిగి చూశాను. ఆరు ఇరవై రెండు.